రెండో చానెల్

పేకముక్కల కట్టలు రెండు పక్కపక్కన పెట్టినంత డబ్బా,
రెండు చెవులు, ఒక తోక.
తోకను లాప్‌టాప్‌కి తగిలిస్తే
చెవులు విన్నదంతా తెరమీద గీతై కదులుతుంది.
కొన్నరోజే స్లావ్కా నవ్వింది:
"ఇంత చవకదానికి అబద్ధమాడటం కూడా సరిగా రాదు.
ఎక్కడ ఆడుతుందో తెలిస్తే చాలు."

పుంతా అరెనాస్‌లో జూలై.
పొద్దు పదింటికి లేచి అయిదున్నరకే ముసుగుతన్నుతుంది,
గాలికి మాత్రం నిద్రలేదు.
రేవు వెనక వీధిలో మా దుకాణం.
ఉప్పు తినేసిన రేడియోలు, లోతు కొలిచే యంత్రాలు
పీతల పడవలవాళ్ళు బల్లమీద దించి
చేతులు ఊదుకుంటూ వెళ్ళిపోతారు.

నేను చేసింది చిన్న తప్పే.
ఒకరి చార్జరు విప్పి, గ్రౌండు క్లిప్పు మొసలినోటిని
కరవకూడని చోట కరిపించాను.
టప్‌మని ఒక్క చప్పుడు.
లాప్‌టాప్‌కి ఒక కన్నం పోయింది,
డబ్బా మూగబోయింది,
గదంతా మాడిన జీడిపిక్క వాసన.
స్లావ్కా తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండేది.
"గ్రౌండంటే నేలే అనుకున్నావా, ఒయార్సో?
ఎవరి నేలో ముందు అడగాలి."

ఆమె చేతులు వణుకుతాయి, మూడేళ్ళుగా టంకం పట్టలేదు.
అల్లికసూదితో ఆమె చూపించాలి, నేను అతకాలి.
రాగితోవ ఆవిరైపోయిన చోట
తెగిన ఇయర్‌ఫోన్లోంచి ఒక పోగు లాగి,
పూత గీకి, వంతెన వేశాను.
దీపం వెలిగింది. రెండో చెవి విన్నది.
మొదటిది మాత్రం
ఏం పోసినా ఒకటే అడ్డగీత.

"ఆసిలోస్కోపు బాగుచెయ్యాలంటే
ఇంకో ఆసిలోస్కోపు ఉండాలి కదా" అన్నాను.
"ఉందిగా" అంది, రెండో చెవిమీద సూదితో తట్టి.

డబ్బా తనే ఇచ్చే చదరపు అల, సెకనుకు వెయ్యి మెట్లు,
చచ్చిన చెవిలో పోసి
బతికిన చెవితో వెతుక్కుంటూ పోయాం.
సాకెట్టు దగ్గర ఉన్నాయి మెట్లు.
రిలే దాటాక ఉన్నాయి.
రెసిస్టర్ల దగ్గర పదోవంతుకు చిక్కిపోయి ఉన్నాయి.
ఎనిమిది కాళ్ళ నల్లపురుగు మూడోకాలిదాకా వచ్చాయి,
ఆరోకాల్లోంచి బయటికి రాలేదు.
తన కన్ను తనకి కనబడదంటారు.
ఒక కన్ను ఇంకో కంట్లోకి ఒంగి నలుసు వెతకటం
ఆ మధ్యాహ్నం చూశాను.

శాంతియాగో నుంచి కొత్త పురుగు రావటానికి పదకొండు రోజులు.
దాని ధర ఒక రొట్టె, తపాలా ఖర్చు నాలుగు రొట్టెలు.
పాతది పీకుతుంటే ఒక కాలు విరిగి బోర్డుకే ఉండిపోయింది,
దానికో గంట.
చివరికి ప్రోబు మెడలో మర తిప్పాను:
మెట్లకి భుజాలు జారాయి,
ఇంకొంచెం తిప్పితే ముక్కులు మొలిచాయి,
వెనక్కి వెంట్రుకవాసి...
"అక్కడే. ఊపిరి కూడా తియ్యకు."

అప్పుడు స్లావ్కా వేలు ప్రోబు మొనకి ఆనించింది.
తెరనిండా బొద్దుగా ఒక అల.
"చూశావా, సెకనుకి యాభై. నా వణుకు అయిదో ఆరో, అంతే.
ఇది నాది కాదు, ఊరిది.
గోడల్లో పారే కరెంటుకి నేనూ ఒక తీగనే."

మాట ముగియకుండానే గాలి ఎక్కడో స్తంభాన్ని పడగొట్టింది.
వీధి మొత్తం ఆరిపోయింది.
లాప్‌టాప్ బ్యాటరీ వెలుగులో ఆమె వేలు,
వేలు అక్కడే ఉంది, వణుకుతూనే ఉంది,
గీత మాత్రం కత్తి అంచులా సాపు.

నేను తడుముకుంటూ వెళ్ళి మెయిన్ దించేశాను.
కరెంటు వచ్చేటప్పుడు తన్నుతుంది, ఇక దేన్నీ చంపలేను.
తిరిగొచ్చి పక్కన కూచున్నాను. కెటిల్లో నీళ్ళు చల్లారాయి.
ఆమె వేలు తియ్యలేదు.

ఎంతసేపటికో
గీత ఒక చోట కాస్త ఉబ్బింది.
మా గది చీకటే. కిటికీకి మంచు, బయట ఏమీ కనబడదు.
ఎవరింట్లోనో, ఏ వీధిలోనో, దీపం.
ఉబ్బు పెరిగి సన్నటి అలైంది.
మెయిన్ వేద్దామని లేచాను.

"ఆగు" అంది స్లావ్కా, తెరమీంచి చూపు తిప్పకుండా,
"మన వీధిదాకా రానీ."